రాళ్లదిన్నె ఆటోనోమియా

రాళ్లదిన్నె నగర పంచాయతీ పరిధిలో విప్లవం ముగిసినందున ఇకపై ట్రాఫిక్ యథాతథంగా కొనసాగుతుందని అధికారులు ప్రకటించారు. విప్లవం నడుస్తున్నప్పుడు కూడా ట్రాఫిక్ యథాతథంగానే ఉండేదని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్ల మాటలు గిట్టుబాటు కావు. అసలు సంగతిలోకి పోదాం.

రాళ్లదిన్నె ఎక్కడుందో మీకు తెలుసు. గుంతకల్లు నుంచి వజ్రకరూరు పోయే దారిలో సరిగ్గా మీకు కునుకు పట్టే చోట ఉంటుంది. పేరులో రాళ్లున్నాయి, దిన్నె ఉంది. ఊర్లో ఉన్నవీ అవే. వాటికి తోడు సర్కిల్ మధ్యలో ఒక కానుగచెట్టు. దాన్ని ఎవరు నాటారో ఎవరికీ తెలియదు, అందుకే బతికింది. తెలిసుంటే శిలాఫలకం వేసేవాళ్లు. శిలాఫలకం పక్కన మొక్క బతికిన దాఖలా ఆ మండలంలో లేదు. కనుచూపు మేరలో నీడంటే ఆ చెట్టు నీడే. కానుగ అని రాస్తారు గానీ ఆ ఊరికి అది కానుక. దాని కింద ఆటో స్టాండు, ఒక టీ బంకు, ఒక ఇడ్లీ బండి, ఏ పనీ లేని పెద్దమనుషులు కొందరు, పని ఉన్నా చేయని పెద్దమనుషులు మరికొందరు.

ఆటో స్టాండుకు అధ్యక్షుడు ఓబిలేష్. నలభై అయిదేళ్ల మనిషి, అంతకంటే పెద్ద గొంతు. పోయిన మే నెలలో బైపాస్ మీద టైరు మారుస్తూ ఎండదెబ్బకు పడిపోయాడు. రెండు చేతులకూ సెలైన్ ఎక్కించిన డాక్టరు, అతని భార్య ఆంజినమ్మను పక్కకు పిలిచి, “ఇంకోసారి ఎండ తగిలితే మాత్రం నా దగ్గరికి తేవద్దమ్మా” అన్నాడు. మరి ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పలేదు. ఆంజినమ్మ అర్థం చేసుకుంది. అప్పటి నుంచి ఓబిలేష్‌కు పెళ్లాం, ఆటో, కానుగ నీడ, ఈ మూడూ లేకపోతే ప్రాణం లేదు. వరుసక్రమం మాత్రం ఆంజినమ్మకు చెప్పలేదు.

ఆ నీడకే ఎసరొచ్చింది. చెట్టు కొట్టేసి సర్కిల్లో ఫౌంటెన్ కట్టాలని నగర పంచాయతీ తీర్మానించింది. ఆటో స్టాండును క్వారీ గుంత పక్కకు మారుస్తారు. అక్కడ గడ్డి కూడా ఆలోచించుకుని మొలుస్తుంది. కమిషనర్ గారు మైకు ముందుకు వచ్చి విషయం విశదీకరించారు.

“ఊరికి నీళ్లు వారానికోసారి వస్తున్నాయి, ఫౌంటెన్ ఎందుకని కొందరు అడుగుతున్నారు. నీళ్లున్న ఊరికి నీళ్లే ఉంటాయి, దానికి ఫౌంటెన్ ఎందుకు? నీళ్లు లేని ఊరికే నీటి దృశ్యం అవసరం. దప్పిక శరీరానికి సంబంధించినది. ఫౌంటెన్ మనసుకు సంబంధించినది!”

చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్లంతా కానుగ నీడలోనే నిలబడి కొట్టారు.

ఓబిలేష్ మాత్రం కొట్టలేదు. ఆ సాయంత్రమే ఇడ్లీ బండి దగ్గరున్న రాజేంద్ర సార్‌ను పట్టుకున్నాడు. రాజేంద్ర సార్ ఒకప్పుడు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. ఆ కాలేజీ ఇప్పుడు కల్యాణమండపం, కాబట్టి ఆయన చరిత్రలో కలిసిపోయాడు. ఇటలీ కార్మిక ఉద్యమం మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఉద్యమం ఎప్పుడో ముగిసింది గానీ పరిశోధన ముగియలేదు. రోజూ పొద్దున, సాయంత్రం ఇడ్లీ తింటూ ఇటలీ గురించి చెప్పేవాడు. జనం ఇడ్లీ వరకే వినేవాళ్లు.

“సార్, మా చెట్టు పోతాండాది. మాకొక గట్టి సంఘం కావల్ల. పేరు వింటేనే కమిషనర్‌కు చెమటలు పట్టల్ల.”

“ఇటలీలో ఉండిందయ్యా ఒకటి. డెబ్బైలలో. పార్టీలు వద్దు, యూనియన్లు వద్దు, మా సంగతి మేమే చూసుకుంటామని కార్మికులు లేచారు. దాని పేరు ఆటోనోమియా.”

ఓబిలేష్ చేతిలో టీ గ్లాసు నోటి దాకా పోకుండా గాల్లోనే నిలబడిపోయింది.

“ఆటో... ఏంది సార్?”

“ఆటోనోమియా.”

“ఇటలీలో ఆటోవాళ్లకు అంత పెద్ద ఉద్యమం ఉండిందా సార్!”

చరిత్రలో కొన్ని క్షణాలుంటాయి. రాజేంద్ర సార్ ఆ క్షణంలో నోరు తెరిచి, “కాదయ్యా, ఆ మాటకు స్వయంప్రతిపత్తి అని అర్థం” అని చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. ఆయన నోరు తెరిచాడు కూడా. కానీ ఇరవై ఏళ్లలో ఇటలీ గురించి తనను రెండో ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఎదురుగా ఉన్నాడు. తెరిచిన నోట్లో ఇడ్లీ పెట్టుకున్నాడు.

“ఆటోలు కూడా... ఒక భాగమే” అన్నాడు నమిలి.

“అందుకేనా సార్ మా బండి కూడా ఇటలీదే అంటారు! ఆపే ఆటో!”

“అవును. ఆపే అంటే వాళ్ల భాషలో తేనెటీగ.”

“తేనెటీగ కాదు సార్! మనోళ్లెవురో పోయి చెప్పుంటారు. బండి పేరే ఆపే. ఎందుకు పెట్టినారు? ఆపల్లనే పెట్టినారు. పని ఆపేది!”

రాజేంద్ర సార్‌కు ఒళ్లు పులకరించింది. పని నిరాకరణ అనే సిద్ధాంతాన్ని ఇటలీ మేధావులు లావుపాటి పుస్తకాలలో నిరూపించారు. ఈ మనిషి మడ్‌గార్డు మీద చదివేశాడు. ఆ ఊపులో ఆయన అసలు ఉద్యమం ఎలా పుట్టిందో చెప్పడం మొదలుపెట్టాడు. “అరవై తొమ్మిదిలో ఇటలీలో వేడి శరత్కాలం అని ఒకటి వచ్చింది...”

“ఒక్క కాలం వేడెక్కినందుకే అంత గలాటా చేసినారా సార్?” అన్నాడు ఓబిలేష్ జాలిగా. “మాకు అన్ని కాలాలూ వేడే. అయినా ఎట్ల ఓర్చుకున్యామో సూడు.”

సంఘం పేరు మరునాటికల్లా ఆటోల అద్దాల మీదకెక్కింది. అంతకంటే ముందు ఇంట్లోకి వెళ్లింది.

“ఏందయ్యా అది, ఆటో నోమా?” అంది ఆంజినమ్మ. “ఏ దేవునికి?”

“నోము కాదే, నోమియా.”

“నోమే గదా. మియా అంటాండావు, దర్గాలో కూడా ఉంటాదేమో, బలే బాగుండాది.”

ఆడవాళ్లు నోమును ఎప్పుడూ మగవాళ్లకు వదిలిపెట్టరు. శుక్రవారం పొద్దున్నే ఆటోలన్నిటికీ పసుపు కుంకుమ, ముందు చక్రాలకు నిమ్మకాయలు, హ్యాండిల్‌కు తోరం. నోము పట్టిన బండి యాక్సిలరేటర్‌ను సాయంత్రం దాకా ముట్టుకోకూడదని ఆంజినమ్మ నియమం పెట్టింది. భావజాలంలో కల్తీ జరుగుతోందని రాజేంద్ర సార్ లేచాడు. చేతిలో పులిహోర పెట్టారు. స్థానిక పరిస్థితులను లెక్కలోకి తీసుకోవాలని కూర్చున్నాడు. నిజానికి ఉద్యమానికీ ఉద్యాపనకూ తేడా ఏముంది? రెంటికీ చివర్లో భోజనాలే.

అలా నోముతో పాటు పని నిరాకరణ మొదలైంది. ఆటోవాళ్లంతా చెట్టు కింద కూర్చున్నారు. కొందరు పడుకున్నారు. ఇద్దరు పులి–మేక ఆడారు. కమిషనర్ గారి జీపు రెండుసార్లు అటుగా పోయింది. రెండోసారి ఆయన చెయ్యి ఊపాడు కూడా. సాయంత్రానికి ఓబిలేష్‌కు చేదు నిజం తెలిసింది: తాము పని మానినట్టు ఊర్లో ఎవరికీ తెలియలేదు.

“మనం రోజూ ఇట్లనే కూసోనుంటాం గదన్నా” అన్నాడు వీరేష్. స్టాండులో చదువుకున్నవాడు, అంటే ఇంటర్ తప్పినవాడు.

అందువల్ల అత్యవసర తీర్మానం చేశారు. పని మానినట్టు తెలియాలంటే, ముందు పని చేస్తున్నట్టు తెలియాలి. ఒక వారం పాటు ఆటోనోమియా సభ్యులు ఎన్నడూ చేయనంత పని చేశారు. పిలవకముందే వచ్చారు. లెక్కకు మించి ఎక్కించుకోలేదు. ముసలివాళ్లను చెయ్యి పట్టి దించారు. పాటల సౌండు తగ్గించారు. ప్రజలు భయపడ్డారు. ఎలక్షన్లేమైనా వచ్చాయా అని కొందరు విచారించారు. పంద్రాగస్టుకు ఉత్తమ సేవా పురస్కారం ఇప్పించేందుకు సిఫార్సు చేస్తానని కమిషనర్ గారు స్వయంగా చెప్పారు. పెట్టుబడిదారీ వ్యవస్థ ఇంత ఘోరంగా మోసం చేస్తుందని ఓబిలేష్ ఊహించలేదు.

వారం తర్వాత మళ్లీ కూర్చున్నారు. ఈసారి ఊరికి తెలిసింది. సంబరంగా రాజేంద్ర సార్‌ను మైకు ముందు నిలబెట్టారు. ఆయన ఇరవై ఏళ్ల పరిశోధననంతా ఒక్క సభలో కుమ్మరించాడు. అక్కడే పొరపాటు జరిగింది. ఆయన రెండో అధ్యాయం కూడా చెప్పాడు.

“ఇటలీలో బస్సు చార్జీలు పెంచితే జనం ఏం చేశారు? పెంచినది కట్టేది లేదన్నారు! తగ్గించుకుని వాళ్లకు వాళ్లే నిర్ణయించుకున్న చార్జీ కట్టారు! దాన్నేమంటారు? ఆటోరిదుజియోనె!”

జనంలో వెనక వరుసలో ఎస్తేరు ఉంది. గుంతకల్లులో ఒక హాస్టల్లో వంట చేస్తుంది, రోజూ ఆటోలో పోయి వస్తుంది, డ్రైవరు గేరు మార్చినంత సులువుగా మాట తిప్పుతుంది.

“ఏమన్యాడు సారు? ఆటో రిడక్షనా?”

“రిదుజియోనె, అమ్మా.”

“అదే లే. రిడక్షనే గదా. ఇటలీలో ఉండాదంటే మనకు లేకుండా పోతాదా?”

సమ్మెలో భాగంగా అత్యవసర ప్రయాణాలకు మాత్రం బండ్లు తీస్తున్నారు. పొద్దున్నే హాస్టల్ పిల్లలకు ఉప్మా చేయడం అత్యవసరమే. ఎస్తేరు ఓబిలేష్ ఆటో దిగి, ఇరవైకి బదులు పది అతని చేతిలో పెట్టింది.

“ఇదేందక్కా?”

“రిడక్షన్. మీరు ఆటోనోమియా, మేము ఆటోరిడక్షన్. ఒకే పుస్తకమంట, మొన్న సారే చెప్పినాడు. మీకు ఒక పేజీ, మాకు ఒక పేజీ.”

“అది బస్సులకు గదక్కా!”

“పేర్లో ఆటో అని ఉండాది, బస్సులకెట్ల అయితాది? ఇటలీవాళ్లకు బుద్ధి లేదా ఏమి?”

ఓబిలేష్ చేతిలోని పదిని తిప్పి చూశాడు. తన వాదం తన మీదకే రివర్స్ గేరులో వచ్చింది. వెనక కూర్చున్న మరో ఇద్దరు కూడా దిగి, వాయనం ఇచ్చినంత భక్తిగా, “ఇస్తినప్ప పది” అని చేతిలో పెట్టిపోయారు. పుచ్చుకుంటినమ్మ అనక తప్పలేదు.

ఇక్కడి నుంచి ఉద్యమంలో లోతైన సైద్ధాంతిక చర్చ మొదలైంది, అంటే కొట్లాట. పోరాటం కొనసాగుతుంది అనే అర్థంలో రాజేంద్ర సార్ ఒక ఇటలీ నినాదం నేర్పించాడు: లొత్తా కంటీనువా. వీరేష్ దాన్ని లోటా కంటిన్యూ అని విన్నాడు. సమ్మె కాలంలో కూడా సంఘం ఖర్చు మీద టీ లోటా కొనసాగాల్సిందేనని వాదించాడు. తిప్పేస్వామి మండిపడ్డాడు. అతను స్టాండులో అందరికంటే పెద్దవాడు, ఏడాదిలో సగం రోజులు ఏదో ఒక మాల వేసుకుని ఉంటాడు.

“సమ్మెలో టీ తాగితే అది సమ్మె ఎట్ల అయితాదిరా? పస్తుండల్ల. సార్ ఇంకో సంఘం పేరు చెప్పలా? అదేందది, పొతేరే ఒపెరాయో!”

ఆ పేరుకు కార్మిక శక్తి అని అర్థం. తిప్పేస్వామి నోట్లో అది ‘పోతే పోరాయో’ అయింది. టీ పోతే పోరాయో, బాడుగ పోతే పోరాయో. సంఘం నిలువునా చీలింది. లోటావాళ్లు చెట్టుకు పడమట, పోరాయోవాళ్లు తూర్పున కూర్చున్నారు.

సూర్యుడికి సిద్ధాంతాలు తెలియవు. పొద్దున నీడ పడమట పడుతుంది, అప్పుడు లోటావాదం చల్లగా వర్ధిల్లింది, పోరాయోవాదం మాడింది. సాయంత్రం నీడ తూర్పుకు మళ్లింది, లోటావాదులు చెమటతో తడిశారు. మిట్టమధ్యాహ్నం నీడ ముడుచుకుని మొదట్లోకి వచ్చేది. అప్పుడు రెండు వర్గాలూ ఒకరి మీద ఒకరు పడి కూర్చుని ఐక్యసంఘటన గురించి మాట్లాడుకునేవాళ్లు. ఒంటిగంటకు మళ్లీ చీలేవాళ్లు.

అధ్యక్షుడు ఓబిలేష్ ఏ వర్గం? డాక్టరు మాట జ్ఞాపకముంది కదా. పొద్దున లోటా, సాయంత్రం పోరాయో. “రెండు పక్కలా ఉండేవాడు ఏ పక్కా లేనట్టే” అని వీరేష్ ఎద్దేవా చేశాడు. “నీకేమప్పా, నీకు ఎండ తగిల్తే నల్లగయితావు. నాకు తగిల్తే నేనే ఉండను” అన్నాడు ఓబిలేష్. ఇలాంటి నీడను వెతుక్కునే విధానాన్ని పెద్ద ఊర్లలో రాజకీయం అంటారు. రాళ్లదిన్నెలో ఇంకా పేరు పెట్టలేదు.

ఇంతలో వాన పడింది. ఆ ఊరి లెక్కలో అది వాన కాదు, దేవుడు దగ్గినట్టు. కానీ వజ్రకరూరు పొలాల్లో నాలుగు చినుకులు పడితే చాలు, మట్టి కడుక్కుపోయి వజ్రాలు పైకి తేలతాయని జిల్లాలు దాటి జనం దిగుతారు. తలలు నేలకు వంచి, వంగిన నడుముతో చీకటి పడేదాకా వెతుకుతారు. ఆటోవాళ్లకు అదే పండగ. తెల్లారేసరికి లోటావాళ్లలో సగం మందికి అత్తగార్ల ఊర్లలో పని పడింది. అత్తగార్లు అందరూ వజ్రకరూరు దారిలోనే ఉన్నారు. పోరాయోవాళ్లలో ముగ్గురికి జ్వరం, ముగ్గురి జ్వరమూ ఆటో నడిపితేనే తగ్గే రకం. తిప్పేస్వామి మాత్రం నిజాయితీపరుడు. “సమ్మె పోతే పోరాయో” అని చెప్పి మరీ వెళ్లాడు.

ఇటలీలో ఉద్యమాన్ని అణచడానికి ప్రొఫెసర్లను అరెస్టు చేశారని చదివిన రాజేంద్ర సార్ తన వంతు కోసం సిద్ధంగా ఉన్నాడు. చేతి సంచిలో తువ్వాలు, బ్రష్షు, బీపీ మాత్రలు. ఒక పొద్దున ఎస్‌ఐ గారు బుల్లెట్ మీద వచ్చి ఆయన ముందు ఆగాడు. సార్ సంచి తీసుకుని గర్వంగా లేచాడు. పాపం ఎస్‌ఐకి ఆయన ఎవరో తెలుసు, ఏం చేశాడో తెలియదు.

“సార్, మావోడు సోషల్‌లో చానా వీకు. సాయంత్రాలు చెప్తారా?”

రాజ్యం ఇంత నిర్దాక్షిణ్యంగా ఉంటుందని ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, ట్యూషన్ ఒప్పుకున్నాడు.

మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నాక చెట్టు కింద ఓబిలేష్ ఒక్కడే మిగిలాడు. ఇప్పుడు తూర్పూ పడమరా రెండూ అతనివే. మానుకు ఆనుకుని, ఎవడొచ్చినా కదలనని కూర్చున్నాడు. చెట్టు కొట్టేవాళ్లు రెండుసార్లు వచ్చి మనిషిని చూసి వెనక్కిపోయారు. ఆంజినమ్మ సద్ది తెచ్చిపెట్టింది. “ఎంత సేపయ్యా ఇట్ల?” అంటే, “నేను లేస్తే ఇది పడతాది, ఇది పడితే నేను లేవను” అన్నాడు. ఆ మాట నిజమేనని ఆమెకు తెలుసు, అందుకే తిట్టలేదు.

మూడోసారి కమిషనర్ గారే వచ్చారు. పోలీసులతో కాదు, శాలువాతో.

“ఓబిలేష్ గారూ!” అన్నారు. గారు అనే మాట ఓబిలేష్ మీద పడటం అదే మొదలు. “ప్రజల మనోభావాలను గౌరవించి కానుగవృక్ష పరిరక్షణ సంఘం ఏర్పాటు చేశాం. తమరు గౌరవ చైర్మన్. రేపు పదకొండుకు ఆఫీసులో తొలి సమావేశం. తమరు లేనిదే చెట్టును ఎవరు కాపాడతారు?”

ఆఫీసు సర్కిల్ పక్కనే, కమిషనర్ గారి గదిలో ఏసీ ఉంది. ఓబిలేష్ జన్మలో అటువంటి గాలి ఎరగడు. మే నెల బయట నిలబడి ఉంది, లోపలికి రావడానికి దానికి అనుమతి లేదు. సోఫా అతన్ని మింగేసింది. అజెండాలో మొదటి అంశం, వృక్షం గొప్పదనం. ఏకగ్రీవంగా ఆమోదించారు. రెండో అంశం, వృక్షాన్ని కాపాడటం. అదీ ఏకగ్రీవమే. మూడో అంశం సమోసాలు.

సమోసా సగంలో ఉండగా బయట నుంచి గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది.

“అదేంది సార్?”

“ఏసీ చప్పుడు” అన్నారు కమిషనర్ గారు.

పాతికేళ్లుగా ఇంజన్లు విన్న చెవి అది. డీజిల్‌దో, పెట్రోలుదో, ఎక్కడ బిగుసుకుందో విని చెప్పగలడు. బయట తిరుగుతున్నది కోత మిషను. పెద్ద కొమ్మను దాటి మాను మీదకు వచ్చింది. ఇప్పుడు లేచి పరిగెత్తితే మాను మిగులుతుంది. ఓబిలేష్ లేవబోయాడు. శాలువా జారింది. మెడ వెనక, ఎండదెబ్బ తగిలిన చోటనే, చల్లగాలి అమ్మ చెయ్యిలా నిమిరింది.

“సార్,” అన్నాడు గొంతు సవరించుకుని, “సమావేశం అయిపోయినాదా? ఇంకో అంశం ఉండాది, చర్చిద్దాం.”

నాలుగో అంశం వృక్షానికి పేరు పెట్టడం. అయిదోది ఆ పేరు మార్చడం. రెండూ చైర్మన్ గారే ప్రతిపాదించారు. చప్పుడు ఆగిపోయాక సమావేశం వందన సమర్పణతో ముగిసింది.

బయటికొస్తే సర్కిల్ నిండా ఆటోలు. చెట్టు కోసం ఒక్కడూ రాలేదని అనుకోకండి, అందరూ వచ్చారు. కొమ్మలను గుంతకల్లు సామిల్లుకు తోలే బాడుగ కోసం లోటావాళ్లూ పోరాయోవాళ్లూ ఒకరి కాలర్ ఒకరు పట్టుకుని ఉన్నారు. ఓబిలేష్‌ను చూడగానే గొడవ సద్దుమణిగింది. క్రమశిక్షణ గల సంఘం అది.

“జరగండప్పా, జరగండి!” అన్నాడు వీరేష్. “సీరియల్లో ఫస్టు మా అన్నే. మొద్దు అన్న బండికే ఎక్కించండి.”

ఓబిలేష్ మొద్దు వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు, తలకు శాలువా చుట్టుకుని కిక్ కొట్టాడు.

ఫౌంటెన్ గుంత తవ్వారు, నీళ్ల కోసం చూస్తున్నారు. స్టాండు క్వారీ పక్కకు పోయింది. అయితే నీడ పోయిందని మీరు దిగులు పడాల్సిన పని లేదు. పర్యావరణ దినోత్సవం సందర్భంగా సర్కిల్లో పేద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పచ్చటి చెట్టు బొమ్మ, చెట్టుకు అటూ ఇటూ దండాలు పెడుతున్న నాయకులు, అడుగున తపాలా బిళ్లంత సైజులో గౌరవ చైర్మన్ ఓబిలేష్ ముఖం. ఆ ఫ్లెక్సీ మధ్యాహ్నం దాకా రోడ్డు మీద రెండు మూరల నీడ పరుస్తుంది. జనం అందులో ఒకరి వెనక ఒకరు వరుసగా, గోడకు అతికించినట్టు నిలబడి ఆటో కోసం చూస్తారు. ఓబిలేష్ కూడా, డాక్టరు సలహా మేరకు, అక్కడే తన ముఖం కింద నిలబడతాడు. చెట్టు ఏమైందని ఎవరూ అడగలేదు. ఎస్తేరు ఒక్కతే కొంగు నెత్తిన వేసుకుని, “ఇంకొంచెం పెద్ద ఫ్లెక్సీ కట్టుంటే ఏం పోయిండునప్పా వీళ్లకు?” అంది. ఆ కోరిక న్యాయమైనదని నగర పంచాయతీ వెంటనే పరిశీలనకు స్వీకరించింది. వచ్చే ఏడాది ఫ్లెక్సీని రెట్టింపు చేస్తారట. కింది వరుసలో చోటు ఇంకా ఖాళీగానే ఉంది. నీడ కావాలనుకుంటే, మీ పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి పంపండి. నవ్వుతున్నది అయితే మంచిది.